తక్‌పట్టీలో తప్పులు: బైపోలార్ ఉన్న ఒక గుమాస్తా మతిమరుపు కేసు

బైపోలార్ డిజార్డర్ అనగానే మేనియా (హద్దుమీరిన హుషారు), డిప్రెషన్ గుర్తొస్తాయి. ఆ రెండూ తగ్గి మనిషి కుదుటపడ్డాక కూడా కొందరిలో ధ్యాస నిలవకపోవడం, విన్నది గుర్తుండకపోవడం, పని నెమ్మదించడం మిగిలిపోతాయి. రద్దీగా ఉండే ఓపీలో "నిద్ర పడుతోందా, మందులు వేసుకుంటున్నారా" అన్న ప్రశ్నల దగ్గరే మాట ముగుస్తుంది కాబట్టి ఇవి బయటికి రావు. ఉద్యోగం మీదికి వచ్చినప్పుడే వస్తాయి. ఇక్కడ రాస్తున్న కేసూ అలా వచ్చిందే. ఆయన "మతిమరుపు" అన్న ఒకే మాటతో వచ్చారు. లోపల మాత్రం ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇబ్బందులు కలిసిపోయి ఉన్నాయి. రోగి అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

నేపథ్యం

ఆయనకు నలభై దాటాయి. తెలంగాణలో ఒక పెద్ద వ్యవసాయ మార్కెట్లో అడ్తి (రైతుల సరుకు అమ్మిపెట్టే కమీషన్ వ్యాపారం) దుకాణం గుమాస్తా. డిగ్రీ మధ్యలో ఆపేశారు కానీ నోటిలెక్కల్లో గట్టివాడని ఆ మార్కెట్లో పేరు. మొదటి మేనియా ఇరవై నాలుగో ఏట వచ్చింది. తర్వాత మరో రెండు, మధ్యమధ్యలో డిప్రెషన్లు. చివరి మేనియా మా దగ్గరికి రావడానికి రెండేళ్ల ముందు, మందులు మానేసిన కొన్ని నెలలకు వచ్చింది. అప్పుడు ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. డిశ్చార్జి చీటీలో రాసిన మందులే అప్పటినుంచి నడుస్తున్నాయి: మూడ్‌ను నిలకడగా ఉంచే లిథియం 900 మి.గ్రా., రాత్రి ఓలాంజపిన్ 10 మి.గ్రా., క్లోనజెపామ్ 0.5 మి.గ్రా., రెండు పూటలా ట్రైహెక్సీఫెనిడిల్ 2 మి.గ్రా.

ఆయన పని గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ కేసంతా దాని చుట్టూనే తిరుగుతుంది. మిర్చి సీజన్లో తెల్లవారకముందే బస్తాలు దిగుతాయి. రైతు పేరు, ఊరు, బస్తాల లెక్క అప్పుడే రాసుకోవాలి. పొద్దున జెండా పాట (ఆ రోజు వేలం మొదలుపెట్టే పాట) అయి, ఏ లాటుకు ఎంత ధరో తేలాక కాటాలు మొదలవుతాయి. తూకం వేసే దడవాయి బరువు పైకి చెబుతుంటే గుమాస్తా వరసగా రాసుకుంటూ పోవాలి. పక్కన రైతు నిలబడి చూస్తుంటాడు, ఖరీదుదారు మనిషి తొందరపెడుతుంటాడు, హమాలీలు కేకలేస్తుంటారు, మధ్యలో ఫోన్లు. ఆ లెక్కే చివరికి తక్‌పట్టీగా, అంటే బరువు, ధర, రావాల్సిన డబ్బు రాసిన చీటీగా రైతు చేతికి వెళ్తుంది. ఒక్క బస్తా తప్పినా ఎవరో ఒకరి డబ్బు పోయినట్టే.

ఏ ఇబ్బందితో వచ్చారు

ముందు ఆయన భార్యే మాట్లాడారు. "మనిషి మంచిగనే ఉన్నరు మేడం. కోపం లేదు, లొల్లి లేదు. కానీ ఏం చెప్పినా యాదికి ఉంటలేదు. పాలప్యాకెట్ తెమ్మంటే ఉత్త చేతులతోటి వస్తరు." ఆయన మాత్రం తలవంచుకుని, "తల మొద్దుబారినట్టుంది" అని ఒక్క ముక్క అన్నారు.

వెంటవెంటనే రెండు తక్‌పట్టీలు తప్పడంతో సేటు ఆయన్ని కాటా మీదనుంచి తీసేసి గోదాము లెక్కలకు పెట్టాడు. జీతం తగ్గించలేదు. కానీ పదిహేనేళ్లు కాటా రాసిన మనిషికి అది పరువు పోవడమే.

అప్పటికే ఆయన చుట్టూ మూడు అభిప్రాయాలు తిరుగుతున్నాయి. లిథియం మెదడును తినేస్తుందని ఒక బంధువు భయపెట్టాడు. ఇది ఏడీహెచ్‌డీ (చిన్నప్పటినుంచే ధ్యాస నిలవని జబ్బు) అయ్యుంటుందని మేనల్లుడు ఫోన్లో వీడియో చూపించాడు. మంచి టానిక్ పడితే సర్దుకుంటుందని ఇంట్లో పెద్దవాళ్ల నమ్మకం. బ్రాహ్మి సీసా, సిటికోలిన్ మాత్రలు అయిపోయాయి, ఫలితం లేదు. అసలు ప్రమాదం మొదటి అభిప్రాయంలో ఉంది. దాన్ని నమ్మి ఆయన వారంలో రెండు మూడు రాత్రులు లిథియం ఎగ్గొడుతున్నారు. ఆ సంగతి భార్యకు తెలియదు.

తప్పులను విడదీయడం

"ఏం మర్చిపోతున్నారు?" అని అడిగితే "అన్నీ" అనే జవాబు వస్తుంది. దాంతో ముందుకు వెళ్లలేం. "ఈమధ్య జరిగిన ఒక తప్పు చెప్పండి. ఎన్ని గంటలకు, చేతిలో ఏముంది, పక్కన ఎవరున్నారు?" అని అడిగాం. ఇంటికి వెళ్లాక సేటు దగ్గర పాత తక్‌పట్టీల నకళ్లు కూడా తెచ్చుకోమన్నాం. అవి చూస్తే తప్పులన్నీ ఒకే రకం కాదని తెలిసిపోయింది.

తెల్లవారుజామున రాసిన చీటీల్లో పేర్లు మారిపోయేవి. ఒకే ఇంటిపేరున్న ఇద్దరు రైతుల బస్తాలు తారుమారయ్యేవి. కాటా దగ్గర పేర్లు తప్పలేదు. అక్కడ వరస తప్పేది: పన్నెండో బస్తా బరువు రెండుసార్లు పడేది, లేదా పదమూడోది అసలు పడేది కాదు. మూడోది ఇంట్లోదీ, ఫోన్లోదీ. నోటితో చెప్పిన పని అరగంటకే పోయేది. కూడికలు, గుణకారాలు, కమీషన్ లెక్క ఒక్కచోట కూడా తప్పలేదు.

పొద్దున తప్పుకు రాత్రి వేసుకునే మందుల మగత కారణమని అనుమానించాను. సీజన్లో ఆయన పదకొండింటికి ఓలాంజపిన్, క్లోనజెపామ్ వేసుకుని నాలుగింటికి లేస్తున్నారు. కాటా తప్పు ధ్యాసను రెండు చోట్ల పెట్టాల్సిన పనిలో వస్తోంది. విన్నది నిలవకపోవడం మాటల జ్ఞాపకానికి సంబంధించినది. బైపోలార్‌లో మూడ్ బాగున్న రోజుల్లో కూడా దెబ్బతిన్నట్టు కనిపించే వాటిలో అదొకటి. కానీ జబ్బును తప్పుపట్టే ముందు చీటీలో ఉన్న, జ్ఞాపకశక్తిని మందగించగల ట్రైహెక్సీఫెనిడిల్‌ను చూడాలి. ఆయన నాలుక ఎండిపోతోంది, మలబద్ధకం ఉంది. తెచ్చిన తక్‌పట్టీ చదవమంటే చేతిని బారెడు దూరం చాపి, కళ్లు చికిలించి చదివారు. నలభై దాటినవాళ్లకు చత్వారం మామూలే, కానీ ఈ మూడూ కలిసి వచ్చాయంటే ఆ మాత్ర వైపే వేలు చూపుతున్నాయి.

ఆ మాత్ర ఎందుకు వచ్చిందని పాత చీటీలు తిరగేశాం. ఆసుపత్రిలో మొదట హాలోపెరిడాల్ ఇచ్చారు, దానివల్ల ఒళ్లు బిగుసుకుపోవడం, వణుకు రాకుండా తోడుగా ఇది. హాలోపెరిడాల్ పోయి ఓలాంజపిన్ వచ్చినా ఇది ఉండిపోయింది. మధ్యలో ఒకసారి తీసేయబోతే చేతివణుకు ఉందని మళ్లీ పెట్టారట. ఆ వణుకును కాగితం మీద గీతలు గీయించి చూశాం. సన్నగా, వేగంగా, చేతులు చాచినప్పుడు కనబడే లిథియం వణుకు అది. దానికి ట్రైహెక్సీఫెనిడిల్ పనిచేయదు. లిథియం స్థాయి సరిచూడాలి, మరీ ఇబ్బందైతే ప్రొప్రనాలాల్ ఆలోచించాలి. మన దగ్గర చీటీలు ఒకరివి చూసి ఒకరు కొనసాగించే అలవాటులో ఇలా ఉండిపోయే మాత్రల్లో దీనిదే మొదటి స్థానం అని నా అభిప్రాయం.

పరీక్షలు

ఎగ్గొడుతూ వేసుకుంటున్న మనిషి రక్తంలో లిథియం చూసి లాభం లేదు. ఏం తేలినా అది అంతకుముందు రెండు రోజుల సంగతే చెబుతుంది. అందుకని ఒక వారం భార్య చేతిమీదుగా క్రమంగా ఇప్పించి, చివరి మోతాదు పడ్డ పన్నెండు గంటలకు రక్తం తీశాం. 0.9 వచ్చింది. విషమయ్యే స్థాయి కాదు. కానీ స్థిమితంగా ఉన్న మనిషికి దీర్ఘకాలం నడపడానికి 0.6 నుంచి 0.8 మధ్య చాలు. థైరాయిడ్ మందగిస్తే పెరిగే టీఎస్‌హెచ్ తొమ్మిది దాటింది, థైరాయిడ్ హార్మోన్ ఫ్రీ టీ4 మామూలుగానే ఉంది. లిథియం వేసుకునేవాళ్లలో థైరాయిడ్ మందగించడం తరచూ చూసేదే. బీ12, క్రియాటినిన్, కాల్షియం బాగున్నాయి. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1, అంటే మధుమేహం అంచున. గురక, నిద్రలో ఊపిరి ఆగడం లేవని భార్య చెప్పారు.

మూడ్ కొలమానాల్లో మేనియా లేదు. డిప్రెషన్ మాత్రం పూర్తిగా పోలేదు. ఏడుపు, నిరాశ కాదు. ఏ పనికీ పూనుకోబుద్ధి కాదు, పొద్దున పక్కమీదనుంచి లేవడం బరువు. ఇలాంటి మిగులు డిప్రెషన్‌ను తేలిగ్గా తీసుకోకూడదు. ధ్యాసను అదొక్కటే సగం తినేయగలదు. పైగా రోగి చెప్పుకునే మతిమరుపుకూ, పరీక్షలో కనబడేదానికీ చాలాసార్లు పొంతన ఉండదు. చెప్పుకునేది ఎక్కువగా డిప్రెషన్‌ను బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది.

వేరేచోట చేసిన మోకా పరీక్షలో ఆయనకు 30కి 26 వచ్చాయి. దాన్ని చూసి "నీకేం లేదు, టెన్షన్ అంతే" అని పంపించేశారు. మోకాను తయారుచేసింది డిమెన్షియాకు ముందు కనిపించే తేలికపాటి లోపాన్ని పసిగట్టడానికి. కాటా దగ్గర గంటల తరబడి ధ్యాస నిలపాల్సిన నలభై ఏళ్ల మనిషి ఇబ్బంది అందులో పట్టుబడకపోవచ్చు. బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ తయారుచేసిన న్యూరోసైకాలజీ బ్యాటరీ (ధ్యాస, జ్ఞాపకశక్తి, వేగం విడివిడిగా కొలిచే పరీక్షల వరస) లాంటి వివరమైన పరీక్ష కావాలి. అదెప్పుడు చేయాలన్నదే ప్రశ్న. మందుల మగత, థైరాయిడ్, డిప్రెషన్ అన్నీ ఉండగా చేస్తే మనం కొలిచేది వాటినే. వాటిని సరిచేశాక చేద్దామంటే ముందెలా ఉందో తెలియదు, రేపు పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. అందుకని మా క్లినికల్ సైకాలజిస్టు దానిలోంచి కొన్ని పరీక్షలే ఎంచుకుని మొదట్లో చేశారు. అంకెలకు గుర్తులు రాసే పరీక్షలో వేగం బాగా తక్కువ. వరసలో ఎంచిన అంకెలను కొట్టేసే పరీక్షలో వదిలేసినవి ఎక్కువ. పదాల జాబితా విన్న వెంటనే పర్వాలేదు, అరగంట తర్వాత సగం కూడా రాలేదు. విన్న అంకెలను అదే వరసలో చెప్పడంలో లోపం లేదు. తప్పుల చీటీలు చెప్పిన కథనే పరీక్షలూ చెప్పాయి.

ఏడీహెచ్‌డీ మాటను కొట్టిపారేయలేదు. బైపోలార్‌తో పాటు అదీ ఉండేవాళ్లు ఉన్నారు. కానీ అది పన్నెండేళ్లలోపే మొదలవ్వాలి. ఆయన తల్లిని పిలిపించి అడిగాం. పిల్లవాడిగా ఒకచోట కూర్చుని ఎక్కాలు అప్పజెప్పేవాడనీ, పుస్తకాలు ఏనాడూ పారేసుకోలేదనీ చెప్పింది. ధ్యాస తప్పడం రెండో మేనియా తర్వాతే మొదలైంది. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ విషయంలో స్వీడన్ రికార్డుల ఆధారంగా 2017లో వచ్చిన అధ్యయనం ప్రకారం, మూడ్ స్టెబిలైజర్ (లిథియం లాంటి మందు) లేకుండా వాడిన బైపోలార్ రోగుల్లో మేనియా ముప్పు బాగా పెరిగింది. స్టెబిలైజర్ మీద ఉన్నవాళ్లలో అలా పెరగలేదు. కాబట్టి ఈయనకు ఆ మందు ఇవ్వకపోవడానికి కారణం భయం కాదు, ఆ జబ్బు లేకపోవడం. ఆపైన లిథియం ఎగ్గొట్టే మనిషి కాగితం మీదే స్టెబిలైజర్ మీద ఉన్నట్టు.

మందుల్లో చేసిన మార్పులు

ఒక నియమం పెట్టుకున్నాం: ఒకసారికి ఒక్కటే మార్చాలి, మూడు నాలుగు వారాలు చూడాలి. అన్నీ ఒకేసారి మారిస్తే మెరుగైనా ఎందుకో తెలియదు, చెడినా ఎందుకో తెలియదు. (ఇక్కడి మోతాదులు ఈ ఒక్క మనిషి శరీరానికి చూసి పెట్టినవి. చదివి ఎవరూ సొంతంగా మార్చుకోవద్దు.)

లిథియం ఆపమని కుటుంబం గట్టిగానే అడిగింది. నేను ఒప్పుకోలేదు. లిథియం వల్ల కొందరికి వేగం కొంచెం తగ్గడం నిజమే, ఆ మాట దాచలేదు. కానీ ఆయనకు మేనియా తిరగబెట్టింది మందులు మానినప్పుడే. ఎపిసోడ్లు ఎక్కువైన కొద్దీ జ్ఞాపకశక్తి లోపాలూ ఎక్కువగా కనబడతాయని చాలా అధ్యయనాల్లో తేలింది. ఆత్మహత్య ముప్పును తగ్గించడంలో దానికున్నంత ఆధారం బైపోలార్‌లో మరో మందుకు లేదు. స్థాయిని కిందికి తెద్దాం, ఆపొద్దు అన్నాను. ఎగ్గొట్టిన రాత్రుల సంగతి ఆయన అప్పుడే భార్య ముందు ఒప్పుకున్నారు. మోతాదు 750కి తగ్గించి మొత్తం రాత్రికే మార్చాం. స్థాయి 0.7 దగ్గర నిలబడింది, వణుకు కూడా బాగా తగ్గింది.

తర్వాత ట్రైహెక్సీఫెనిడిల్. ఒక్కసారిగా ఆపితే వికారం, నిద్రలేమి, చిరాకు వస్తాయి. అవి చూసి మేనియా మొదలైందని భయపడే ప్రమాదం ఉంది. మెల్లగా దించాం. చూపు, మలబద్ధకం ముందు మెరుగయ్యాయి. ఇంట్లో చెప్పిన పనులు గుర్తుంటున్నాయని భార్య అనడం ఆ తర్వాతే. థైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు మొదలుపెట్టాం. మామూలు మనిషికైతే ఆ టీఎస్‌హెచ్‌కు కొన్నాళ్లు ఆగి చూసేవాళ్లమేమో. బైపోలార్‌లో డిప్రెషన్ మిగిలి ఉన్నప్పుడు ఆగడంలో అర్థం లేదు. డిప్రెషన్‌కు లమోట్రిజిన్ కలపడం గురించి ఆలోచించి, థైరాయిడ్ సర్దుకునే దాకా పక్కనపెట్టాం. తర్వాత దాని అవసరం పడలేదు. క్లోనజెపామ్‌ను చివర్లో, చాలా నెమ్మదిగా తీశాం.

ఓలాంజపిన్‌ను మాత్రం ముట్టుకోలేదు. పొద్దుటి మగతకు అదే పెద్ద కారణమని తెలుసు. కానీ సీజన్ దగ్గరపడుతోంది. ఆయన మూడు మేనియాల్లో రెండు ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్యే వచ్చాయి. వేసవి ముఖంలో మేనియాలు పెరగడం చాలా దేశాల్లో గమనించినదే. పైగా సరిగ్గా ఆ నెలల్లోనే ఆయన నిద్ర నాలుగైదు గంటలకు పడిపోతుంది. మగతతో వచ్చేది పేరు తప్పు, మేనియాతో పోయేది ఉద్యోగం. మాత్రను రాత్రి ఎనిమిదింటికి జరిపి, తెల్లవారుజాము నమోదును ఆ సీజన్‌కు వేరే గుమాస్తాకు ఇప్పించమని సలహా ఇచ్చాం.

పనిచేయనివి

మందులు సర్దాక ఇంటి మతిమరుపు సగానికి పైగా తగ్గింది. దాంతో సేటు మళ్లీ కాటా మీద కూర్చోబెట్టి చూశాడు. వరస తప్పడం అలాగే ఉంది.

సైకాలజిస్టు మొదట జేబు డైరీ ఇచ్చారు. ఇంటి పనులకు బాగా పనికొచ్చింది. కాటా దగ్గర ఒక చేతిలో చీటీ, ఇంకో చేతిలో పెన్ను ఉన్న మనిషి డైరీ ఎక్కడ తీస్తాడు? ఫోన్లో అలారాలు పెడితే ఆ మోతే కొత్త అంతరాయమై కూర్చుంది, రెండో రోజే ఆపేశారు. మెదడుకు పదునుపెట్టే యాప్ ఒకటి మేనల్లుడు వేసిచ్చాడు. అందులో స్కోరు వారం వారం పెరిగింది. తక్‌పట్టీలో తప్పులు ఒక్కటీ తగ్గలేదు. ఆ ఆటలో మెరుగైతే ఆ ఆటలోనే మెరుగు.

దీనికి తలకిందులైన మాట ఒకటి స్పెయిన్ నుంచి కొంత ఊరటగా వినిపిస్తుంది. బార్సిలోనా బృందం ఫంక్షనల్ రెమెడియేషన్ (రోజువారీ పనులను సాధన చేయించే శిక్షణ) అనే పద్ధతిని వారానికొకటి చొప్పున 21 సెషన్లుగా రూపొందించింది. 239 మందితో చేసిన ఆ అధ్యయనం ఫలితాలు 2013లో వచ్చాయి. మామూలు చికిత్స మాత్రమే పొందినవాళ్లతో పోలిస్తే వీళ్ల రోజువారీ జీవితం, పని మెరుగయ్యాయి. జ్ఞాపకశక్తి పరీక్షల స్కోర్లు పెద్దగా మారలేదు. పరీక్ష మార్కులు మారకపోయినా పని మెరుగుపరచవచ్చన్నమాట. మా దగ్గర 21 సెషన్లకు వచ్చే తీరిక ఏ గుమాస్తాకూ లేదు. ఆలోచనను మాత్రం తీసుకున్నాం.

పనిచేసింది

ఆయన్ని గదిలో కూర్చోబెట్టి కాటా పని చేయించాం. భార్య దడవాయిలా బరువులు చదివారు: "నలభై రెండు నాలుగొందలు... నలభై ఒకటి ఎనిమిదొందలు..." ఆయన రాస్తున్నారు. ఇరవై బస్తాలకు ఒక్క తప్పు లేదు. మళ్లీ చేయించారు. ఈసారి మధ్యలో సైకాలజిస్టు "అన్నా, నా బస్తాలెన్ని?" అని అడిగారు. ఆయన తలెత్తి జవాబు చెప్పి, తల దించి, రాసింది వదిలేసిన గడిలో కాదు, దాని కింది గడిలో. ఖాళీ ఉండిపోయిందని ఆయనకు తెలియనే లేదు. మూడోసారీ అలాగే.

అంటే ధ్యాస మొత్తంగా చెడలేదు. అంతరాయం తర్వాత ఎక్కడ ఆపానో అక్కడికి తిరిగి రావడమే చెడింది. దీన్ని బుర్రలో సరిచేయడం కంటే చీటీలో సరిచేయడం తేలిక. చీటీ మీద బస్తా నంబర్లు ముందే వేయించాం. రాస్తున్న గడి కింద స్కేలు పెట్టి, బరువు పడ్డాకే కిందికి జరపాలి. ఎవరు పిలిచినా ఎడమ చెయ్యి స్కేలు మీదనుంచి తీయకూడదు. రాసిన బరువును, నంబరుతో సహా, పైకి తిరిగి చదవాలి: "పదమూడు, నలభై ఒకటి ఎనిమిదొందలు." దడవాయి ఊఁ అన్నాకే తర్వాతి బస్తా. పదికొకసారి అడ్డగీత. లాటు మధ్యలో ఫోన్ ఎత్తకూడదు. ఒకే ఇంటిపేరు వస్తే ఊరు, లాటు నంబరు కూడా రాయాలి.

తిరిగి చదవడానికి ఆయన మొదట్లో సిగ్గుపడ్డారు, కొత్తగా చేరిన కుర్రాడిలా ఉంటుందని. దానికి మందు మేమివ్వలేదు, ఓ ముసలి రైతు ఇచ్చాడు. "ఈ గుమాస్త పైకి సదువుతడు, మోసం ఉండదు" అని తన ఊరివాళ్లకు చెప్పాడట. సిగ్గు పోయింది.

ఇవన్నీ జరగాలంటే సేటుకు కొంత చెప్పాలి. ఎంత చెప్పాలన్నది రోగి ఇష్టం. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 రోగి వివరాల గోప్యతను హక్కుగా ఇచ్చింది. ఉద్యోగం చేస్తుండగా వైకల్యం వస్తే తీసేయకూడదని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెప్పేది ప్రభుత్వ సంస్థలకు. అడ్తి దుకాణం గుమాస్తాకు ఆ అండ లేదు. అందుకని జబ్బు పేరు చెప్పకుండా, "రాత్రి మందుల వల్ల పొద్దున కొంచెం మబ్బుగా ఉంటది, కాటా మాత్రం నేను రాస్త" అని ఆయనే చెప్పుకున్నారు. ఆ మాటలు ముందు మా గదిలో రెండు మూడు విధాలుగా చెప్పి చూసుకున్నారు. సేటు ఒప్పుకున్నాడు. జెండా పాట తర్వాతి పని మాత్రమే ఆయనకిచ్చాడు.

సీజన్ నెలలకు భార్యకు రెండు జాగ్రత్తలు చెప్పాం. ఎండలో చెమటపట్టి నీళ్లు తక్కువ తాగితే లిథియం స్థాయి పెరుగుతుంది. నడుం నొప్పికి మెడికల్ షాపులో ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కూడా పెంచుతాయి. నొప్పికి పారాసిటమాల్ చాలు. వాంతులు, విరేచనాలు, నడక తూలడం కనబడితే ఆ రాత్రి మోతాదు ఆపి వెంటనే రావాలి. రెండోది నిద్ర. ఆరుగంటల కంటే తక్కువ నిద్రతో వరసగా రెండు రాత్రులు గడిచాయంటే, లేదా ఆయన "మనమే సొంతంగా అడ్తి పెడదాం" అనడం మొదలుపెడితే ఫోన్ చేయాలి. గత రెండు మేనియాలకు ముందూ ఆ మాటే వచ్చిందని ఆమే చెప్పారు.

ఇప్పుడు

ఏడాది తర్వాత అవే పరీక్షలు మళ్లీ చేశాం. అంకెలు కొట్టేసే పరీక్ష దాదాపు మామూలుకు వచ్చింది. వేగం కొంత పెరిగింది. పదాల జాబితా అరగంట తర్వాత గుర్తుతెచ్చుకోవడం తక్కువగానే ఉంది. అది జబ్బుతో వచ్చిన లోపమేనని ఇప్పుడు కొంత నమ్మకంగా అనగలను, మిగతా కారణాలన్నీ తీసేశాం కాబట్టి. ఆయనకూ అదే చెప్పాం: ఇది పెరిగే డిమెన్షియా కాదు, కానీ నోటిమాటగా చెప్పింది రాసుకోవాల్సిందే. ఆ జవాబు విని ఆయన బాధపడతారనుకున్నాను. "ఏదో ఒకటి తేలింది కదా" అన్నారు.

తోటి డాక్టర్లు ఈ కేసు విన్నప్పుడు ఏ మార్పు వల్ల ఎంత మెరుగైందని అడుగుతారు. ఒక్కొక్కటిగా మార్చినా కాలం కూడా తన పని తాను చేస్తుంది. థైరాక్సిన్ వల్ల తగ్గిన డిప్రెషన్ ఎంత, కాటాకు తిరిగి వచ్చిన సంతోషంతో తగ్గింది ఎంత అన్నది విడదీయలేం. కాటా తప్పుల విషయంలో మాత్రం సందేహం లేదు. మందులు సర్దిన తర్వాత కూడా ఉన్నాయి, స్కేలు, తిరిగి చదవడం మొదలయ్యాక దాదాపు పోయాయి. సేటు దగ్గర నకళ్లున్నాయి, ఎవరైనా చూడొచ్చు.

సీజన్ ముగిశాక ఓలాంజపిన్ 5 మి.గ్రా.కు దించాం. తెల్లవారుజాము నమోదు మళ్లీ తనకే కావాలంటున్నారు. ఇంకా తగ్గించాలని ఆయన బరువు, హెచ్‌బీఏ1సీ చెబుతున్నాయి. ఫిబ్రవరి చరిత్ర తొందరపడొద్దంటోంది. వచ్చే సీజన్ కూడా 5 మీదే దాటించి, మే తర్వాత చూద్దామని ప్రస్తుతానికి ఒప్పందం.